జేగురు నీళ్ల ప్రశ్న

"విత్తనం" అన్న మాట తీసేసింది ఇందుమతి. అది ఉన్నంతసేపూ తెర మీద వేలకొద్దీ పత్రాలు వచ్చి పడుతున్నాయి. "చోడి" అని మాత్రం ఉంచి, "నిల్వ" చేర్చి, "గోదాము" ఉన్నవన్నీ వద్దని కొట్టేసి, వెతుకులాటను కొండవాలు ఊళ్లకు కుదించింది. వేలు వందలయ్యాయి. "తేమ" చేర్చగానే పిడికెడు మిగిలాయి. వాటిలో ఒకదాన్ని చూసి ఒకటి రాసినవాటిని పక్కకు నెట్టేస్తే చివరికి ఒక్కటి నిలిచింది. అందులోంచి అడిగినవారికి పనికొచ్చే వాక్యం కోసి, దాని కింద తన ముడి వేసి పంపేసింది. పార్వతీపురం అవతల ఒక బడిపంతులు ఈపాటికి ఆ వాక్యం చదువుకుని చోడిగింజల్లో బూడిద కలుపుతూ ఉంటాడు.

"ఒక్క వాక్యానికి దించేశారా?" పక్కబల్ల నుంచి సాల్మన్ రాజు తొంగి చూశాడు. "నామీద కాస్త దయుంచండి ఇందుగారూ. మీ పక్కన కూచున్నాక నా పనికి వేసే అంకం మెట్లు దిగుతూనే ఉంది."

"మాటలు తగ్గించి వెతుకు. అదే పైకొస్తుంది."

బయట లోకంలో కోతలు కోయడమంటే ఎవరూ మెచ్చుకోరు. సాలూరు శోధనశాలలో అదే ఉద్యోగం. మనిషి రాసిన ప్రతిదీ ఆకరంలో ఉంది, కానీ అంతా ఉన్నచోట ఏదీ దొరకదు. అందుకని శోధకులు. అడిగినవాడి ప్రశ్నలోంచి అనవసరపు మాటలు తీసేయాలి, అవసరమైనవి చేర్చాలి, చివరికి ఒక్క వాక్యం చేతిలో పెట్టాలి. ముడి వేస్తే, ఇదే జవాబని శోధకుడు ఒప్పుకున్నట్టు. ముళ్లు తగినన్ని పడితే ఆ జవాబు ఖాయమవుతుంది. ఖాయమయ్యాక యంత్రం తనంతట తనే ఆ జవాబు చెబుతూ పోతుంది, ప్రభుత్వ విభాగాలు దాన్నిబట్టి పనులు చేస్తూ పోతాయి. శాల గోడ మీద కోస్తా పటం ఉంది. పచ్చదీపం వెలుగుతున్న ఊరంటే ఆ ఊరి ప్రశ్నలన్నీ ఖాయమైన ఊరన్నమాట. ఇందుమతి ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ గోడ పచ్చగానే ఉంది.

బల్ల అంచున పసుపుదీపం వెలిగింది. ఇందుమతి నిట్టూర్చింది.

మొదటి రెండుసార్లూ యంత్రమే పలుకుతుంది. అదే మనిషి అదే ప్రశ్న మూడోసారి అడిగితే మాత్రం మనిషి పలకాలి. శోధకులెవరికీ ఆ దీపమంటే పడదు. మూడోసారి అడిగేవాళ్లకు సాధారణంగా కావలసింది జవాబు కాదు, తగువు.

"శోధనశాల. చెప్పండమ్మా."

"మాది పెదతంపర. నా పేరు మైలపల్లి నూకరత్నం. ఊరి నీటితొట్లు నానే సూస్తాను." గొంతు పెద్దదే గానీ అలిసిపోయి ఉంది. "తొట్లలో నాచు జేగురు రంగుకి తిరిగిపోనాది. నీళ్లు తాగొచ్చా, తాగకూడదా? అంతే నానడిగింది."

సముద్రం నౌపడా దాటి లోపలికొచ్చాక, తంపర అనే పల్లపు భూముల మీద గుంజలు పాతి కట్టుకున్న ఊళ్లలో పెదతంపర ఒకటి. ఆ ఊళ్లకు చుట్టూ నీళ్లే. తాగేందుకు మాత్రం తొట్లలో పెంచే తేటనాచే దిక్కు. అది ఉప్పు తినేసి మంచినీళ్లు మిగులుస్తుంది. పచ్చగా ఉండాల్సిన నాచు అది.

"ఆకరం ఏమంది?"

"ఏటంతాది. రంగు మారితే పర్నేదు, తాగమంతాది. మా పిల్లలికి మూతులు సురసురలాడతన్నాయి. ఇద్దరికి నాలిక తిమ్మిరెక్కిపోయి కూడు రుసి తెల్డం నేదు. నాను తొట్లకి తాళమేసీసినాను."

"మంచిపని చేశారు కదా."

"మంచిపనేటి? ఊరంతా నామీద గుర్రుగున్నారు. ఆకరమే తాగమంటంటే నువ్వెవతివే ఆపడానికని. ఎండ సూడు ఎలగుందో. మాపటేలకి తాళం పగలగొట్టీస్తారు. నాను మాత్రం ఏటి సెప్పి ఆపగల్ను?"

"నీటిపడవ కోసం అడిగారా?"

"అడిగినాను. ఖాయమైన నీళ్లున్న ఊరికి పడవ రాదంట."

అది నిజమే. నీటిపడవల విభాగం ఆకరం మాటే వింటుంది. ఇందుమతి జవాబు తెరిచి చూసింది. "తేటనాచు రంగు మారినంత మాత్రాన నీరు చెడదు." దాని కింద ముళ్లు దండలా గుచ్చి ఉన్నాయి. వాటిలో తనవీ ఉన్నాయి. ఎవరికి వేసిందో గుర్తులేదు. ఖాయమైన జవాబుకు ముడి వేయడానికి ఆలోచించేది ఏముంటుంది?

"కాసేపు లైన్లోనే ఉండండి," అంది.

పర్యవేక్షకుడు జోగారావు బల్లల మధ్య నడుస్తూ ఆమె వెనక ఆగాడు. శాలలో అందరికీ వెతకడం నేర్పిందాయనే. నెరిసిన మీసం, ఇస్త్రీ చొక్కా, ఎవరి తెర మీదనైనా ఒక్క చూపుతో తప్పు పట్టగల కళ్లు.

"ఏమ్మా, పచ్చగా ఉన్నదాని మీద ఇంతసేపా? మూడోసారివాళ్లతో మాట పెంచకూడదని చెప్పాను కదూ. ఉన్నది చదివి వినిపించి పెట్టేయ్."

"పిల్లలకి నాలుక తిమ్మిరెక్కుతోందంటున్నారండీ."

"ఏం తిన్నారో ఎవరికి తెలుసు. తంపరలో నత్తలూ పీతలూ తింటారు." ఆయన ముందుకు నడిచాడు.

అదీ నిజం కావచ్చు. ఇందుమతి మామూలుగా అయితే పెట్టేసేది. కానీ ఆ ఆడమనిషి తాళం వేసి ఊరికి ఎదురు నిలబడింది. తగువు కావలసిన మనిషి ఇంత కష్టపడదు. ఇందుమతికి మనసొప్పలేదు.

పాత వెతుకులాటలు తిరగేసింది. ముడి వేసిన ప్రతివాళ్లూ వెతికిన మాటలు దాదాపు ఒకటే: తేటనాచు, రంగు, నీరు, హాని. నాలుగు మాటలూ జవాబులో ఉన్నవే, అటూ ఇటూగా. జవాబు మాటలతోనే ప్రశ్న అడిగితే ఆకరం ఆ జవాబునే తెచ్చి చేతిలో పెడుతుంది. ఇంకొకటి ఉందో లేదో దానికి అనవసరం. తాను కొత్తవాళ్లకు మొదటివారంలోనే చెప్పే సంగతి ఇది. తన ముళ్లు వేసినప్పుడు తనకే తట్టలేదు.

నాలుగు మాటలూ చెరిపేసింది. నాచు ఊసే ఎత్తకుండా, కళ్లకు కనిపించేదీ ఒంటికి తెలిసేదీ మాత్రమే రాసింది: పెదవి చురుకు, నాలుక తిమ్మిరి, తాగునీరు. సముద్రం పైకొచ్చిన తర్వాతి పత్రాలే కావాలంది. పంటివైద్యం గురించి కొన్ని వచ్చాయి. ఏదో చెట్టుపాల గురించి ఒకటి, విషపు చేప గురించి రెండు. చేపను కొట్టేసి "తొట్టి" చేర్చింది. తెర ఖాళీ అయింది.

మాటలు మార్చింది. తిమ్మిరి బదులు మొద్దుబారడం, చురుకు బదులు మంట. ఖాళీ. ఒడియా పత్రాలు, తమిళ పత్రాలు, బంగాళా తీరం పత్రాలు. ఖాళీ. తేదీల కంచె తీసేసింది. పంటివైద్యం మళ్లీ వచ్చింది.

శాలలో ఖాళీ తెరను చూసి సిగ్గుపడటం అలవాటు. ఏమీ దొరకలేదంటే వెతకడం చేతకాలేదని లెక్క. సాల్మన్ ఒకసారి ఇటు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఇందుమతి మాత్రం ఆ ఖాళీని చాలాసేపు చూసింది. ఆమె వెతకడంలో లోపం లేదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఏ దారిలో వెళ్లినా ఖాళీయే వస్తోందంటే అక్కడికి ఎవరూ వెళ్లలేదన్నమాట.

అయితే ఖాయమైన జవాబు ఎక్కణ్నుంచి వచ్చింది?

జవాబు ఎక్కడ పుట్టిందో చూపే వేరుచూపు తెరిచింది. ఖాయమైనవాటికి వేరుచూపు తీయకూడదని నిషేధమేమీ లేదు. ఎవరూ తీయరు, అంతే. జవాబుకు ఆధారంగా బోలెడు నివేదికలు కనిపించాయి. మొదటిది రెండోదాన్ని చూపించింది, రెండోది మూడోదాన్ని. మూడోది ఒక కరపత్రం, దానికి ఆధారం శోధనశాల జవాబే. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి నిలబడ్డారు. నేల మీద కాలు పెట్టినవాడు ఒక్కడే ఉన్నాడు. అరకు ఎగువన, ఈ నాచును మొదట పెంచిన పరిశోధన తోటలో ఒక శాస్త్రజ్ఞుడు. మంచినీటి తొట్టి, నీడపట్టు, చలికాలం. నాచు జేగురు రంగుకు తిరిగింది, నీరు చెడలేదు. అంతవరకూ జవాబులో ఉన్నదే. దాని తర్వాత ఇంకో వాక్యం ఉంది: "ఉప్పునీటిలో, ఎండలో ఇలా మారితే ఏమవుతుందో మేము చూడలేదు."

కోత సరిగ్గా ఆ వాక్యానికి ముందు పడింది. కోత పక్కన మొదటి ముడి ఉంది. జోగారావుది.

ఆమె ఆయన్ని పిలిచింది. ఆయన వచ్చి, కళ్లజోడు సవరించుకుని, తెర చదివాడు. మొహంలో ఏమీ మారలేదు.

"ఇది మంచి కోతేనమ్మా," అన్నాడు చివరికి. "అప్పటికి తంపర ఊళ్లెక్కడివి? నన్నడిగినవాడు అరకువాడు. వాడి తొట్టి మంచినీటి తొట్టి. ఉప్పునీటి సంగతి వాడికెందుకు? కోసేశాను. ఇప్పుడడిగినా అక్కడే కోస్తాను."

"కోత తప్పని నేననడం లేదండీ. ఇప్పుడడిగేది అరకువాళ్లు కాదు కదా."

"సరే. నీళ్లు చెడ్డవని రాయి. ఆధారముందా?"

"లేదు."

"మంచివనడానికి?"

"తంపరకైతే అదీ లేదు."

"అలాంటప్పుడు ఉన్నదాన్ని ఉండనీ. ఆకరానికి తెలిసిన మాటలు రెండే. ఔను, కాదు."

"మూడోది ఉంది కదండీ. తెలియదు."

జోగారావు నవ్వాడు, కోపం లేకుండానే. "తెలియదనేది జవాబు కాదమ్మా. వెతకడం రానివాడి సాకు. నా దగ్గర నేర్చుకున్నదానివి, నువ్వే ఆ మాటంటే ఎలా?" గొంతు తగ్గించాడు. "గోడ చూడు. ఆ జవాబు మీద ఎన్ని ఊళ్లు నిలబడి ఉన్నాయో తెలుసా? అది ఎటూ తేలక వేలాడిందంటే అవన్నీ వేలాడతాయి. వేలాడే ఊరికి తేలేదాకా పడవ పంపాలని నిబంధన. ఏదీ వేలాడలేదు కాబట్టి విభాగంవాళ్లు పడవలు తగ్గించుకుంటూ వచ్చారు. ఇప్పుడున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రేపు నిజంగా కలరా పుట్టిన ఊరికి పడవ లేకపోతే ఎవరిని అడుగుతారు? నిన్నూ నన్నూ."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఎదుటివాడు అబద్ధమాడితే పోట్లాడటం తేలిక.

లైన్లో నూకరత్నం ఎవరితోనో అరుస్తోంది. "శోధనశాలోల్లు సూస్తన్నారు, ఆగండర్రా," అంటోంది. ఎవరో మగమనిషి ఏదో అన్నాడు. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడైంది.

"అమ్మా, ఉన్నావా? సుత్తి ఒట్టుకొచ్చీసినారు. మాపటేలదాకా ఆగేలాగ నేరు. ఏటన్నా సెప్పు."

ఇందుమతికి భయం వేసింది. తన కుర్చీ గురించి ఒకపక్క, ఆ తొట్ల గురించి ఒకపక్క. ఇందులో ఏది పెద్దదని తూచుకునే తీరిక లేకపోయింది.

ఆకరంలో కొత్త ఆధారం చేర్చే పలక ఒకటుంది. పరిశోధన సంస్థలకూ ఆసుపత్రులకూ ఉద్దేశించింది. శోధకులు దాని జోలికి పోకూడదు. వెతికేవాళ్లు ఆధారం కాకూడదన్నది శాలలో మొదటి నియమం. దాటితే శోధకపత్రం రద్దవుతుంది. కానీ పలకకు తలుపు లేదు. దాటేవాళ్లు లేనిచోట తలుపెందుకని ఎవరూ పెట్టలేదు.

ఏమి తెలిసింది, అని అడిగింది పలక. "ఉప్పునీటి తొట్లలో తేటనాచు జేగురు రంగుకు తిరిగితే నీరు తాగవచ్చో లేదో తెలియదు," అని రాసింది.

ఎవరు చెప్పారు? "ఇందుమతి, సాలూరు శోధనశాల."

ఎలా తెలుసు?

ఇక్కడ ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఇతరులు ఈ గడిలో పరికరాల పేర్లు రాస్తారు, పరీక్షల పేర్లు రాస్తారు. ఆమె ఉన్నది రాసింది. "వెతికాను. లేదు."

జోగారావు చూస్తుండగానే ముడి వేసింది.

యంత్రం అభ్యంతరం చెప్పలేదు. దానికి ఎవరు గొప్ప, ఎవరు చిన్న అనేది పట్టదు. ఒకే ప్రశ్నకు రెండు వేర్లు కనిపించాయి, రెండూ ఒకమాట అనడం లేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఏనాడో ఎవరో రాసి పెట్టారు. అది అదే చేసింది, పాత జవాబును వేలాడదీసింది. గోడ మీద పెదతంపర దీపం ఆరిపోయింది. తర్వాత దాని పక్క ఊరిది, ఆ పక్కది. పటం అంచున, సముద్రం పొడుగునా చీకటి పాకుతూ పోయింది. శాలలో వేళ్ల చప్పుడు ఆగింది. గోడను అలా చూడటం ఎవరికీ అలవాటు లేదు.

"ఏం చేశావమ్మా," అన్నాడు జోగారావు. అది ప్రశ్న కాదు.

ఆయన తన తెర దగ్గరికి నడిచాడు. తప్పుడు ఆధారాన్ని తీసేసే అధికారం శాలలో ఆయన ఒక్కడికే ఉంది. వేలితో ఒక్క నొక్కు నొక్కితే దీపాలు మళ్లీ వెలుగుతాయి. ఆయన వేలు అక్కడిదాకా వెళ్లింది. అంతలో ఆయన బల్ల మీది మాటపెట్టె మోగింది. శాల అంతటికీ వినిపించింది.

"నీటిపడవల విభాగమండీ. మీ దగ్గర్నించి తంపర ఊళ్లన్నిటికీ ఒకేసారి 'తెలియదు' అని వచ్చింది. ఇలాంటిది ఇదివరకెప్పుడూ రాలేదు. పొరపాటున వచ్చిందా? పొరపాటని ఒక్క మాటంటే పడవలు ఆపేస్తాం."

జోగారావు ఇందుమతి తెర వైపు చూశాడు. అక్కడ ఆ పాత వాక్యం ఇంకా తెరుచుకునే ఉంది. ఉప్పునీటిలో, ఎండలో. మేము చూడలేదు. దాన్ని రాసిన శాస్త్రజ్ఞుడికి తెలియదని చెప్పుకోవడానికి నామోషీ అనిపించలేదు. ఆయన జవాబు రాసి, తనకు తెలిసినది ఎక్కడిదాకానో కూడా రాసిపెట్టి పోయాడు. జోగారావు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమండీ? వింటున్నారా?"

"వింటున్నాను," అన్నాడు జోగారావు. "పొరపాటు కాదు. మాకు తెలియదు."

"అయితే అన్నిచోట్లకీ పడవలు పంపాలండీ. అన్ని పడవలు మా దగ్గర లేవు."

"లేవని మీ పైవాళ్లకి చెప్పండి. తెలియదని మేం చెప్పడం లేదూ? ఇన్నాళ్లూ చాలినన్ని ఉన్నాయనే వాళ్లూ అనుకుంటున్నారు." ఆయన గొంతులో అలవాటైన పెద్దరికం తిరిగొచ్చింది. "ముందు పెదతంపరకి పంపండి. మిగతా ఊళ్లని మేం అడిగి చెబుతాం, ఎక్కడెక్కడ పిల్లలకి నాలుక తిమ్మిరెక్కుతోందో. వాళ్లు ముందు, మిగిలినవాళ్లు తర్వాత."

పెట్టేసి శాల వైపు తిరిగాడు. "ఏం చూస్తున్నారర్రా? ఊళ్లు పంచుకోండి. సాల్మన్, నువ్వు సోంపేట వైపు. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. మీరే పిలిచి అడగండి."

"మనం వాళ్లని అడగాలాండీ?" అన్నాడు సాల్మన్.

"ఆకరంలో లేనప్పుడు ఇంకెక్కడ వెతుకుతావు?"

ఇందుమతి దగ్గరికి మాత్రం ఆయన రాలేదు. దూరం నుంచే, ఆమెకు వినపడేలా అన్నాడు: "నీ పత్రం సంగతి రేపు పైనుంచి అడుగుతారు. నియమం నియమమే. నేనేమీ కప్పిపుచ్చను."

"తెలుసండీ," అంది ఇందుమతి.

మళ్లీ లైన్లోకి వచ్చింది. అవతల ఇనుము చప్పుడు ఆగలేదు. "నూకరత్నంగారూ, నా మాట అందరికీ వినపడేలా పెట్టండి." పెట్టినట్టుంది. సుత్తి ఆగింది. సముద్రపు హోరు, చాలామంది ఊపిరి ఒక్కసారిగా దగ్గరికొచ్చాయి.

"నేను సాలూరు శోధనశాల నుంచి మాట్లాడుతున్నాను. ఆ నీళ్లు తాగొచ్చో తాగకూడదో మాకు తెలియదు."

"తెలీదా?" ఎవరో ముసలాయన గొంతు. "ఆకరానికే తెలీదా?"

"తెలియదండీ. తాగమని ఇన్నాళ్లూ చెప్పింది మీ నీళ్లను చూసి చెప్పింది కాదు. మీ నీళ్లను ఇంతవరకు ఎవరూ పరీక్ష చెయ్యలేదు."

గుసగుసలు. తర్వాత ఏదో బరువైనది కర్రల మీద దించిన చప్పుడు. సుత్తే అయి ఉండాలి.

"ఆ ముక్క మొన్నే అనుంటే, అమ్మా," అంది నూకరత్నం. ఇప్పుడామె గొంతు దగ్గరగా, చిన్నగా ఉంది. ఏడుస్తోందో ఏమో చెప్పడం కష్టం. "తెలీదన్నా సరే, నాను తాగనిద్దునా? తెలుసంటేనే కదా నా నోరు కట్టీసినారు. పడవ ఒస్తాదా?"

"వస్తుంది. బయల్దేరుతోంది. వచ్చేదాకా ఎవరినీ తాగనివ్వకండి."

పడవ వస్తుందన్న మాటకు ఆకరంలో ఆధారం ఉంది, నిబంధనతో సహా. తాగనివ్వకండి అన్న మాటకు ఎక్కడా లేదు. ఆ మాట ఇందుమతి తన నోటితో చెప్పింది, ఆ ఊరు ఆ మాట విని తొట్ల జోలికి పోలేదు.